ఇంగ్లీషు చదువు – తెలుగు ఋణము

కృష్ణాజిల్లా మెట్టసీమలో వత్సవాయి కొసనున్న గ్రామములలో నొకటి. జగ్గయ్యపేట, నందిగామలు దానికి చేరువనున్న పెద్ద యూళ్లు. కొలదిదూరము పోయినచో తెలంగాణపు పొలిమేర. మునియేటి నీరందిన చోట వరియు, అందని చోట పత్తియు మిరపయు పండించుకొని బ్రతుకు జనులు. 2022 నుండి ఈ ప్రాంతము ఎన్టీఆర్ జిల్లాలో చేరినను పెద్దల నోట కృష్ణాజిల్లా యను పేరే ముందుగ వచ్చును. ఆ గ్రామమున నొక రైతు మమ్మడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

“పంతులుగారూ! మా అమ్మాయి బి.ఏ. ముగించింది. ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతానని పట్టుబట్టింది. కంప్యూటరు చదువంటే నాకు తెలుసు, నర్సు చదువంటే తెలుసు. ఈ ఇంగ్లీషు ఎం.ఏ. ఏమిటో తెలియదు. రెండేండ్లు కూర్చుని చదివేది కథలూ పద్యాలేనట గదా! మాట్లాడటం వరకే అయితే నెలకింతని తీసుకుని నేర్పేవాళ్లు పేటలోనే ఉన్నారు. ఎకరం మిరపతోట కౌలుకిచ్చి ఆ డబ్బుతో పిల్లను పంపాలంటే, అక్కడ ఏం చెప్తారో నాకు తెలియొద్దా?”

ఈ మాటలలో అవహేళన లేదు. తన కష్టార్జితమును ఎచ్చట విత్తుచున్నాడో తెలిసికొనగోరు సేద్యగాని వివేకము కలదు. కావున ఒక్కమాటలో బదులు చెప్పి తప్పించుకొనుట మాకు ఉచితముగ తోచలేదు. తమ బిడ్డకు ఇంగ్లీషు రావలెనని కోరని తండ్రి నేడు మన సీమలో కానరాడు. విశ్వవిద్యాలయమున ఇంగ్లీషుశాఖ యనునది యేమి చేయునో యెఱిగిన తండ్రియు అరుదు. అయిదేండ్ల బిడ్డను ఇంగ్లీషుబడికి పంపుటకు వెనుదీయని వారే, ఆ భాషాసాహిత్యములను లోతుగ చదువుదునన్న ఇరువదియేండ్ల బిడ్డను అనుమానముతో చూచుచున్నారు. ఈ వైపరీత్యమును మూలమునుండి విచారింపవలసియున్నది.

పుట్టుకలోని దోషము

రైతు అనుమానమునకు చరిత్రలో ఆధారము లేకపోలేదు. 1835లో మెకాలే తన నివేదికను వ్రాసినప్పుడు, పాలకులకును కోట్లకొలది పాలితులకును నడుమ దుబాసులుగ మెలగు నొక తరగతిని సృష్టించుటయే ఇంగ్లీషు విద్యకు ప్రయోజనమని దాపరికము లేక చెప్పెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసినవి. ఇచట నొక విచిత్రమును గమనింపవలెను. ఆక్స్‌ఫర్డులో ఆంగ్లసాహిత్యము ప్రత్యేక పట్టపరీక్షగా ఏర్పడినది 1894లో, కేంబ్రిడ్జిలో 1917లో. తమ బిడ్డలకు గ్రీకు, లాటిను చాలునని ఆంగ్లేయులు తలచుచున్న కాలముననే మన బిడ్డలచే షేక్స్పియరును మిల్టనును వల్లె వేయించిరి. తుపాకి చేయలేని పనిని పుస్తకము చేయగలదని వారు గ్రహించిరి. పాలకుల సాహిత్యము ఎదుట తల వంచినవాడు పాలకుల ఎదుటను తల వంచునని వారి యాశ.

ఆ యాశ కొంత ఫలించినది కూడ. దాని ఫలితమును గురజాడ అప్పారావుగారు గిరీశమను పాత్రగా మలచి మన కన్నుల ఎదుట నిలిపిరి. 1897లో అచ్చయిన కన్యాశుల్కమును చదివినవారు గిరీశమును మఱవజాలరు. ఇంగ్లీషు ముక్కలు వానికి చుట్టపొగవంటివి. ఎదుటివాని కన్నులు మండించుటకే గాని త్రోవ చూపుటకు పనికిరావు. కాని ఆ గిరీశమును సృష్టించిన అప్పారావుగారు ఎవరు? విజయనగరము మహారాజావారి కళాశాలలో అధ్యాపకులై, ఇంగ్లీషున కవిత్వము వ్రాసి, కన్యాశుల్కమునకు ఇంగ్లీషుననే పీఠిక సంతరించిన వారు. ఒకే చదువు గిరీశమును పుట్టించినది. గిరీశమును పట్టియిచ్చిన అప్పారావుగారిని కూడ పుట్టించినది. ఇంగ్లీషు విద్యను గుఱించి మనము చేయదగిన తర్కమంతయు ఈ యొక్క విషయమున ఇమిడియున్నది.

బందరు గురువు

దూరము పోనక్కఱలేదు. మన జిల్లా ముఖ్యపట్టణమైన బందరులో 1843లో రాబర్టు నోబిలు స్థాపించిన పాఠశాల కాలక్రమమున నోబిలు కళాశాలయైనది. అది మతబోధకుల కళాశాల. అచట ఇంగ్లీషు బోధించినవారిలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారొకరు. ఆయన 1862లో బందరుననే జన్మించిరి. ఆంగ్లకవులను నోటికి వచ్చునట్లు చదివినవారు. వేషమున, నడవడిలో తెల్లదొరలను అనుకరింపనివారు. భోగముమేళములను పెండ్లిండ్లకు పిలుచుటను నిరసించిరి. అనాథలను చేరదీసిరి. 1904 నుండి 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులైయుండి బాలికలకు ఆ కళాశాల తలుపులు తెఱచిరి. తదుపరి 1925 నుండి 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

నోబిలు కళాశాలలో చదువుకొన్న ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఏమైరి? దుబాసులైరా? 1910లో ఆంధ్రజాతీయ కళాశాలను బందరున స్థాపించిరి. 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు కృష్ణారావుగారు 1907 నుండి 1945లో కన్నుమూయు వఱకు సంపాదకులైయుండి తెలుగు వచనమునకు క్రొత్త యొయ్యారమును కూర్చిరి. పట్టాభిగారు ‘జన్మభూమి’ యను వారపత్రికను ఇంగ్లీషున నడపి, పాలకుల దోషములను పాలకుల భాషలోనే ఎత్తిచూపిరి; 1935లో కాంగ్రెసు చరిత్రను ఇంగ్లీషున వ్రాసి లోకమునకందించిరి. మెకాలే వేసిన విత్తు మెకాలే కోరిన పంటను ఈయలేదు. ఏలనన, విత్తు వానిదైనను నేల మనది. దున్నిన గురువు మనవాడు.

సాహిత్యమునను ఇట్లే జరిగినది. 1876లోనే వావిలాల వాసుదేవశాస్త్రిగారు షేక్స్పియరు వ్రాసిన జూలియస్ సీజరు నాటకమును తెలుగు చేసిరి. రాయప్రోలు సుబ్బారావుగారు గోల్డుస్మిత్తు కావ్యమునొకదానిని అనుసరించి ‘లలిత’ను వ్రాసి నవ్యకవిత్వమునకు బాట వేసిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున పింగళి సూరన కావ్యములను క్రొత్త కొలబద్దలతో పరీక్షించిరి. పండితులు కొందఱు కోపించిరి. కోపించినను, సూరనను మఱల చదువక తప్పలేదు. పరభాషాధ్యయనము స్వభాషకు చేయవలసిన సేవ ఇదియే.

పొలిమేరకు ఇరువైపుల

వత్సవాయి పొలిమేర గ్రామమని చెప్పితిమి. 1948కి ముందు ఆ పొలిమేర రెండు రాజ్యములకు హద్దు. రెండు విద్యాప్రయోగములకును హద్దు. ఇటు 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరినది. బోధన యంతయు ఇంగ్లీషున. అటు నిజాము రాజ్యమున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సమస్తశాస్త్రములును ఉర్దూలో. ఇంగ్లీషు నిర్బంధముగ చదువవలసిన యొక విషయము మాత్రమే. గ్రంథములను ఉర్దూ చేయుటకై అనువాదశాఖనొకదానిని ప్రత్యేకముగ నెలకొల్పిరి. దేశభాషలో వైద్యమును గణితమును బోధింపవచ్చునని ఉస్మానియా నిరూపించినది. కాని ఆ దేశభాష అచటి రైతుబిడ్డల భాష కాకపోయెను. ఇటువైపున ఇంగ్లీషు, అటువైపున ఉర్దూ. నడుమ తెలుగు మాట్లాడు బిడ్డ రెండుచోట్లను పరభాష గుమ్మముననే నిలువవలసివచ్చెను. 1948 తరువాత అచటను ఇంగ్లీషే బోధనభాష యయ్యెను.

విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులు రామలింగారెడ్డిగారు. ప్రభుత్వము దేశభక్తులపై జరపిన దమనకాండకు నిరసనగా పదవిని త్యజించినవారు. 1936లో మఱల వచ్చి 1949 వఱకు దానిని నడపినవారు. నడుమ 1931 నుండి 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ఉపాధ్యక్షులు. 1933లో రవీంద్రులు వాల్తేరునకు వచ్చి మానవుని గుఱించి ఉపన్యసించిరి. అట్టి వాతావరణమునకు 1947లో కె.ఆర్. శ్రీనివాస అయ్యంగారుగారు ఇంగ్లీషు ఆచార్యులుగ వచ్చిరి.

శ్రీనివాస అయ్యంగారుగారు చేసిన పనిని మన తెలుగువారు తగినంతగ స్మరించుటలేదు. ఆనాటి ఇంగ్లీషుశాఖలలో చదువదగిన కవి యనగా ఇంగ్లండున పుట్టినవాడే. భారతీయుడు ఇంగ్లీషున వ్రాసినది అనుకరణమేగాని సాహిత్యము కాదని అధ్యాపకుల దృఢవిశ్వాసము. ఆయన 1943లోనే ఆ రచనలను సమీకరించి యొక గ్రంథము వ్రాసిరి. 1959లో ఇంగ్లండునందలి లీడ్సు విశ్వవిద్యాలయమున భారతీయుల ఇంగ్లీషు రచనలపై ఉపన్యాసములిచ్చిరి. వానిని విస్తరించి 1962లో బృహద్గ్రంథముగ ప్రకటించిరి. నాటినుండి మన రచయితలు మన విశ్వవిద్యాలయములలోనే పాఠ్యములగుటకు త్రోవ యేర్పడినది. ఆంగ్లేయుని గుమ్మమునకే పోయి, మావారును సాహిత్యము సృష్టించిరని చెప్పి ఒప్పించి వచ్చిన ఆచార్యుడు వాల్తేరు ఇంగ్లీషుశాఖవాడు. 1966లో ఆయన ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులైరి.

హైదరాబాదునందును ఒక ఘట్టము కలదు. 1958లో అచట కేంద్ర ఆంగ్లసంస్థ వెలసినది. నేడది ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయము. ఇంగ్లీషు బోధకులకు శిక్షణ నిచ్చుట దాని తొలి లక్ష్యము. అచట ఆచార్యులైన సూసీ తారుగారు, కె. లలితగారితో కూడి, మన దేశభాషలలో స్త్రీలు వ్రాసినదానిని తరతరములనుండి వెదకి తీసి, 1991లోను 1993లోను రెండు సంపుటములుగ ఇంగ్లీషున వెలువరించిరి. తంజావూరు రాజాస్థానమున వెలసిన ముద్దుపళని కథ అందు ముఖ్యమైనది. ఆమె వ్రాసిన రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు సంపూర్ణముగ ప్రకటింపగా, అది అశ్లీలమని ప్రభుత్వము నిషేధించినది. ప్రకాశంపంతులుగారి పూనికచే నిషేధము తొలగినను పండితులు ఆ పేరును పలుకుటకు జంకుచునే యుండిరి. తెలుగు పండితులు జంకినచోట ఇంగ్లీషు ఆచార్యులు జంకలేదు. అటుపిమ్మట అదే సంస్థకు చెందిన కె. సత్యనారాయణగారు సూసీ తారుగారితో కలసి దక్షిణదేశపు దళితుల రచనలను సంకలించిరి. 2013లో వచ్చిన సంపుటము కన్నడము, తెలుగులకు సంబంధించినది. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఇంగ్లీషుశాఖలో పనిచేసిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ గార్లు తెలుగు కథలను ఇంగ్లీషులోనికి తెచ్చిరి. వీరందఱును ఇంగ్లీషుచే బ్రతికి తెలుగు ఋణమును తీర్చుకొన్నవారు.

తరగతిలో జరుగునది

ఇంతకును రైతు అడిగినది, అచట ఏమి చెప్పుదురని. రెండు సంవత్సరములు, నాలుగు అర్ధసంవత్సరపు పరీక్షలు. చాసరు మొదలు నేటివఱకు ఆంగ్లకవులు, షేక్స్పియరు, నవల, విమర్శశాస్త్రము, భాషాశాస్త్రము, అమెరికా సాహిత్యము, భారతీయుల ఇంగ్లీషు రచనలు, భాషాబోధనపద్ధతులు. ఇది బయటికి కనబడు పట్టిక. దాని లోపల జరుగవలసిన పని వేఱు.

ఉదాహరణకు మన వాసుదేవశాస్త్రిగారు తెలుగు చేసిన సీజరు నాటకమునే తీసికొందము. సీజరు హత్యానంతరము ప్రజల ఎదుట ఇరువురు ఉపన్యసింతురు. బ్రూటసు హేతువులు చెప్పును, ప్రజలు ఔననియెదరు. పిమ్మట ఆంటొనీ లేచును. హంతకులను నిందింపడు, పొగడును. ఒకే పొగడ్తను మఱల మఱల పలుకుచు, పలికిన ప్రతిసారియు దాని ప్రక్క నొక చిన్న సందేహమును పెట్టును. తుదకా పొగడ్తయే తిట్టగును. ప్రజలు కాగడాలు పట్టుకొని వీథుల పడుదురు. మంచి గురువు విద్యార్థిని అడుగు ప్రశ్న యిది: ఏ మాటవద్ద జనము తిరిగినది? ఆ మాటను వేలు పెట్టి చూపుము. విద్యార్థి చూపును, మఱొక విద్యార్థి కాదనును, గురువు ఇరువురిచేతను ఋజువు చెప్పించును. గంట గడచునప్పటికి నూఱు పంక్తులైనను ముగియవు.

ఈ విద్య వలన ప్రయోజనమేమి? ఎన్నికల దినములలో మన యూరి కూడలిలో నిలిచి ఉపన్యసించు ప్రతివాని మాటను విడదీసి చూచుట తెలియును. పత్రికలో వ్రాసినదానికిని వ్రాయక దాచినదానికిని భేదము తెలియును. ఒప్పందపు కాగితమున మెలికపెట్టిన పదమును పట్టుకొనుట తెలియును. నెమ్మదిగ చదువుట, చదివినదానికి ఆధారము చూపుట, పరుల భావమును పరులదని ఒప్పుకొనుట, గురువుతోనైనను వినయముతో విభేదించుట — ఇవియే ఇంగ్లీషుశాఖ నేర్పదగిన ధర్మములు. నోట ఇంగ్లీషు పలుకుట వాని వెంట వచ్చును. వానికి బదులు రాజాలదు.

నేటి దుఃస్థితి

ఇట్టి శాఖలు నేడు క్షేమముగ ఉన్నవని చెప్పజాలము. వత్సవాయి బిడ్డలకు 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము, 2008లో బందరున కృష్ణా విశ్వవిద్యాలయము వచ్చినవి. వాల్తేరు వఱకు పోనక్కఱలేకుండ చదువు చేరువయైనది. ఇది సంతోషింపదగినదే. కాని అనేక విశ్వవిద్యాలయములలో ఆచార్యులు విరమించిన పీఠములు నిండుటలేదు. ఏటికేడు కుదుర్చుకొన్న తాత్కాలికోపన్యాసకులు, వచ్చు సంవత్సరము తాము ఉందుమో లేదో యెఱుగక పాఠము చెప్పుచున్నారు. సాహిత్యము చదివినవారిని ఇంజనీరింగు విద్యార్థులకు సంభాషణ నేర్పు పనికి మాత్రమే పిలుచుచున్నారు. అదియు గౌరవమైన పనియే. కాని బావి త్రవ్వగలవానిచే నిత్యము నీరు మోయించుట వంటిది.

దోషము లోపలను ఉన్నది. మూలగ్రంథమును తెఱవక, అంగడిలో అమ్ము ప్రశ్నోత్తరముల పుస్తకమును చదివి పట్టము పుచ్చుకొనువారు కలరు. గ్రంథచౌర్యము ప్రబలినందుననే 2018లో విశ్వవిద్యాలయముల నిధిసంఘము పరిశోధనవ్యాసములను పరీక్షించుటకు నిబంధనలు విధింపవలసివచ్చినది. ఇతరుల వ్రాతతో పోలిక పదిశాతము మించినచో చర్య తీసికొందురు. ఇప్పుడు అడిగినంతనే వ్యాసము వ్రాసిపెట్టు యంత్రములు కూడ వచ్చినవి. సొంతమాటను వెదకికొనుటయే ప్రాణముగాగల శాఖలో, వెదకుటయే అనవసరమైనచో మిగులునది చెక్కబల్లలు మాత్రమే. మఱియొక దోషము పాతది: తెలుగు రానట్లు నటించుట. ఇంటికి వచ్చి తల్లితో తడబడుచు తెలుగు పలుకు పట్టభద్రుడు గిరీశమునకు మనుమడేగాని అప్పారావుగారికి వారసుడు కాడు.

రైతునకు మా బదులు

ఇంత చెప్పినమీదట, ఆ రైతునకు మేము చెప్పిన సమాధానమును చదువరుల ఎదుట ఉంచుచున్నాము. ముందుగ దాపరికములేని మాట యొకటి. ఈ పట్టము చేతికి రాగానే ఉద్యోగము వాకిట నిలుచునని ఎవరును ఆశ పెట్టరాదు. జూనియరు కళాశాలలో చెప్పుటకు ఈ పట్టము అవసరము. బడిలో చెప్పుటకు బోధనశిక్షణము కూడ కావలెను. విశ్వవిద్యాలయమున చెప్పవలెనన్నచో జాతీయార్హతపరీక్షయో, పరిశోధనపట్టమో కావలెను. పత్రికలు, అనువాదములు, ప్రచురణసంస్థలు కలవు; అవి సమర్థులకు మాత్రమే అన్నము పెట్టును. మిరపధర నిలుకడ లేనిదైనట్లే ఈ పంటధరయు నిలుకడ లేనిది.

ఇక బిడ్డను ఏ శాఖకు పంపవలెనన్నచో మూడు పరీక్షలు చేసి చూడుడని చెప్పితిమి. మొదటిది: గ్రంథాలయమునకు పోయి నాలుగు పుస్తకములు తెఱచి చూచునది. పుస్తకము వెనుక అతికించిన తేదీచీటిపై ముద్రలు ఈ సంవత్సరపువా, ఇరువదియేండ్ల క్రిందటివా? చదువువారు లేని శాఖకు గుఱుతు దుమ్ము. రెండవది: తరగతిలో విద్యార్థి ఆచార్యుని కాదనగలడా? కాదన్న పిమ్మటను అతడు అచట సుఖముగ ఉండగలడా? అచట చదువుచున్న పిల్లలను అడిగినచో ఒక్క నిమిషమున తెలియును. మూడవది అన్నిటికంటె ముఖ్యము: సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ తాను చదివిన గ్రంథమును అరుగుమీద కూర్చుండి తండ్రికి తెలుగున చెప్పగలదా? చెప్పగలిగినచో ఆమెకు ఇంగ్లీషు వచ్చినట్లు. చెప్పలేనిచో వచ్చినది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు భేషజము.

రైతు కొంతసేపు మౌనముగ ఉండెను. లోపలి గుమ్మమువద్ద నిలిచి వినుచున్న బాలిక వైపు తిరిగి, “మొదటి రెండూ నువ్వు చూసుకో అమ్మా. మూడోది సంక్రాంతికి నేనే అడుగుతా” ననెను.

తోట కౌలునకు పోయినదో లేదో మాకు ఇంకను వార్త రాలేదు. కాని ఆ తండ్రి పుచ్చుకొన్న పరీక్షాధికారమును మన విశ్వవిద్యాలయములు గూడ గౌరవించినచో, ఇంగ్లీషుశాఖలకును మేలు, తెలుగునకును మేలు.